నీడన ఆరిన గింజలు

శంషాబాద్‌లో విమానాశ్రయం కొత్తగా మొదలైన రోజులు. రాజేంద్రనగర్‌లో బస్సెక్కి, ఎలాగో నీడపక్క సీటు దక్కించుకున్నాను. నా వెనకే ఎక్కిన ఒక నడివయసు ఆవిడ గుడ్డసంచి గుండెకు హత్తుకుని నా ముందు నిలబడింది.

“అన్నా, జర ఎండ దిక్కు కూసుంటవా? నా కోసం కాదు, గింజలకు ఎండ తగలొద్దు.”

విసుక్కుంటూనే అవతలి సీటుకు మారాను. గింజలకు ఎండ తగిలితే ఏమవుతుందని కాస్త వెటకారంగానే అడిగాను.

“గింజలకేం గాదు. బెల్లం నీళ్లు కలిపి వాటికి కంటికి కనబడని పురుగులను అంటించినం. ఎండకు అవి సస్తయి. గనిల తవ్వి పోసిన మట్టిగుట్ట మీద ఏ చెట్టూ బతుకుతలేదు. ఈ పురుగులు చెట్టు ఏర్లకు బలమిస్తే బతుకుతదని నేను పనిజేసే వ్యవసాయ కాలేజీల మా సారు చెప్పిండు.”

కిందటేడు ఇలాగే పురుగులు పట్టించిన గింజలను ఆమే ఎండలో ఆరబోసిందట. సేద్యం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. విత్తనమంటే ఎండబెట్టాలనే ఆమెకు తెలుసు. గుట్ట మీద మొలకలు వచ్చినట్టే వచ్చి మాడిపోయాయి. కారణం ఎవరికీ అంతుపట్టలేదు.

“నేను ఎండబోసింది ఎవ్వలు సూడలే. నేనే పోయి సారుకు చెప్పిన, తప్పు నాదని. ఇగ ఈసారి నేనే తీస్కపోయి ఏస్త అన్న.”

శంషాబాద్‌లో దిగగానే తలమీది కొంగు తీసి సంచికి కప్పింది. ఆ మండుటెండలో ఉత్త తలతోనే నడిచి వెళ్లింది.

ఆ గుట్ట పచ్చబడిందో లేదో నాకు తెలియదు. బస్సెక్కితే మాత్రం ఇప్పటికీ ఎండపక్కనే కూర్చుంటాను.