రూతమ్మ చేతికి పని

2022లో సంగతి. దుబాయ్‌లో నేను హోమ్ కేర్ ఫిజియోథెరపిస్టుని, అంటే ఇళ్ళకే వెళ్ళి కాళ్ళూ చేతులూ ఆడేలా చేయించేదాన్ని. అప్పట్లో ఒక డచ్ కుటుంబం ఇంటికి వెళ్ళేదాన్ని. కూతుర్ని చూడటానికి వచ్చిన పెద్దావిడకు ఇక్కడే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడింది. నేర్చుకున్న ఇంగ్లీషంతా పోయి, పుట్టుభాష ఒక్కటే మిగిలింది.

"తన పనులు తను చేసుకోగలిగితే అమ్మ తన ఇంటికి వెళ్తుంది. లేకపోతే ఆ ఇల్లు అమ్మేసి వృద్ధాశ్రమంలో చేర్చాలి" అంది కూతురు.

పెద్దావిడ మాటిమాటికీ "జెల్ఫ్" అనేది. మనం "నేనే చేసుకుంటా" అన్నప్పుడు ఆ "నేనే"లో ఉండే పట్టుదలంతా వాళ్ళకు ఆ ఒక్క మాటలో ఉంటుందట. కూతురు అర్థం చెప్పింది. నాకూ తెలిసింది, ఇంట్లో పనిచేసే రూతమ్మకూ తెలిసింది. తెలిసి ఏం లాభం? పెద్దావిడ చెంచా అందుకోబోతే రూతమ్మ ముద్ద నోటికి అందించేది. చొక్కా వేసుకోబోతే బొత్తాలన్నీ తనే పెట్టేసేది. ఆ చేతికి నేను వారమంతా నేర్పినదాన్ని రూతమ్మ ప్రేమతో మరిపించేసేది. నాకు ఒళ్ళు మండింది.

"కాస్త ఊరుకో రూతమ్మా, ఆవిడనే చేసుకోనీ" అన్నాను.

రాజోలు మనిషి, ఊరుకుంటుందా! "ఏంటండీ షబానా గారూ, మరీనూ! పెద్దావిడ యాతన పడతంటే నేను చూత్తా కూకోవాలాండి? మా ఊళ్ళో అయితే మొహాన ఉమ్మేత్తారండి. పైగా ఖాళీగా ఉన్నానని మేడం ఖలాస్ అని పనిలోంచి తీసేత్తే?"

నా కోపం చల్లారిపోయింది. ఆ రెండో భయం నాకు తట్టనేలేదు. రూతమ్మ ఊరికే కూర్చున్నట్టు కనిపించినా అదీ వైద్యంలో భాగమేనని కూతురికి చెప్పి ఒప్పించాను. మర్నాడు బర్ దుబాయ్‌లో గోంగూర కట్టలు కొని రూతమ్మ ఒళ్ళో పడేశాను.

"ఆవిడ ఎదురుగా కూర్చుని ఇది ఒలువు. ఒలవడం అయ్యేదాకా లేవకూడదు."

కొన్నాళ్ళు గడిచాక పెద్దావిడ వంగి కుడిచేత్తో తనూ ఒక కాడ తీసుకుంది. వేళ్ళతో చేసే సన్నపనిని మేం ఫైన్ మోటార్ అంటాం. నేను రబ్బరు బంతులతో చేయించలేని పని గోంగూర చేయించింది. ఆ పూట మేమంతా పులుసు తిన్నాం.

ఒక ఉదయం కూతురు గదిలోకి వచ్చేసరికి పెద్దావిడ చొక్కా బొత్తాలు పెట్టుకుంటోంది. పై బొత్తం జారింది, మళ్ళీ జారింది. రూతమ్మ లేవబోయి, నన్ను చూసి, గుప్పిట్లో గోంగూర నలిపేస్తూ కూర్చుండిపోయింది. చివరికి బొత్తం పట్టింది. పెద్దావిడ "జెల్ఫ్" అంది. కూతురు ఏడ్చేసింది. రూతమ్మ ఇంకా ఎక్కువ ఏడ్చింది.

పెద్దావిడ తన ఇంటికే వెళ్ళింది.

సాయం చేసే చేతిని ఆపడం, ఆడని చేతిని ఆడించడం కన్నా కష్టమని నాకు అక్కడే తెలిసింది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా రోగి చెయ్యి తర్వాత చూస్తాను. ముందు పక్కన నిలబడ్డ మనిషిని, "నీకేం పని ఉందమ్మా?" అని అడుగుతాను. ఏ పనీ లేదంటే, గోంగూర తెస్తాను.