పోశెట్టి రిపోర్టులో నేను చెప్పని సగం

కరోనా రెండో అల చల్లారిన ఏడాది, చలికాలం. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక మేడ మీదున్న ల్యాబ్‌లో నేను హిస్టోపాథాలజీ టెక్నీషియన్‌ని. ఆపరేషన్‌లో కోసి తీసిన ముక్కను ఫార్మలిన్ ద్రవంలో ఉంచి, మైనంలో దిమ్మగా పోసి, మైక్రోటోమ్ అనే యంత్రం మీద ఉల్లిపొర కన్నా పలుచగా కోస్తాం. దాన్ని గాజు పలక మీద పరిచి, రంగులద్ది, డాక్టరమ్మ సూక్ష్మదర్శిని కిందికి పంపుతాం. ఆ మేడ ఇప్పుడు లేదు, ల్యాబ్ ఆసుపత్రి పక్కకు మారింది. కరిగిన మైనం వాసన ఎక్కడ తగిలినా నాకు ఆ ఇరుకు గదే గుర్తొస్తుంది.

నాది బోధన్. నాన్న చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడు. చెరుకు ఆడే కాలంలో ఊరంతా పాకం వాసన. ఆదివారాలు కార్మికుల క్లబ్‌లో చర్చలు జరిగేవి: దయ్యం పడుతుందా, జాతకం నిజమా, దేవుడున్నాడా. నాన్న నన్ను భుజమ్మీద ఎక్కించుకుని తీసుకుపోయేవాడు. పదేళ్ళకే బల్ల ఎక్కి మాట్లాడాను. పెద్దవాళ్ళ చప్పట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఆ క్లబ్ నాకు ప్రశ్నించడం నేర్పింది. గెలవకపోతే నిద్రపట్టని జబ్బును కూడా అదే అంటించింది.

ఆ చలికాలం రుద్రూర్ రైతు పోశెట్టి పేగు ముక్క మా ల్యాబ్‌కు వచ్చింది. వయసు యాభై లోపే. పెద్దపేగు కుడివైపు గడ్డ. ఫారంలో ఒక మూల, తండ్రి చిన్న వయసులోనే కడుపు జబ్బుతో పోయాడని రాసి ఉంది.

పెద్దపేగు క్యాన్సర్ అంటే అంతా ఒకటే జబ్బు కాదు. జన్యువుల్లో ఏది చెడింది అన్నదాన్ని బట్టి రకాలున్నాయి. కణం చీలేటప్పుడు జన్యువుల నకలులో తప్పులు దొర్లుతాయి. వాటిని మరమ్మతు చేసే ప్రోటీన్లు నాలుగు. పోశెట్టి గడ్డకు ఆ నాలుగింటినీ చూపే రంగులు వేస్తే రెండు అసలు పట్టలేదు. అంటే మరమ్మతు లోపించిన రకం. ఈ లోపం కొన్ని కుటుంబాల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. అందుకే డాక్టరమ్మ రిపోర్టు కింద రాసింది: రక్తపరీక్ష చేయించాలి, తోబుట్టువులు కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పేగు చూసే పరీక్ష, చేయించుకోవాలి.

దాంతో పాటు ఇంకో కాగితం వచ్చింది. హైదరాబాద్‌లో కొందరు పరిశోధకులు పోశెట్టి ఒప్పుకోలుతో మా మైనపు దిమ్మ నుంచి కొన్ని పొరలు తీసుకున్నారు. నోట్లో, చిగుళ్ళ దగ్గర ఉండే ఒక బ్యాక్టీరియా ఈ మరమ్మతు లోపించిన రకం గడ్డల్లో ఎక్కువగా కనిపిస్తోందని, ఆ సంబంధం ఏమిటని వాళ్ళు వెతుకుతున్నారు. పోశెట్టి గడ్డలోనూ అది దొరికింది. అది గడ్డను పెంచుతుందా, గడ్డే దానికి చోటిస్తుందా అన్నది తేలలేదని ఆ కాగితంలోనే ఉంది.

రిపోర్టు కోసం పోశెట్టి భార్య రాజవ్వ వచ్చింది.

"మా ఆయన మైసమ్మ గద్దె జరిపిండు మేడం," అంది. "చెరుకు బండ్లకు తోవ సాల్తలేదని రెండు గజాలు ఇవుతలికి జరిపిండు. వద్దంటే ఇనలె. గందుకే గీ రోగమని ఊరంత అంటున్రు."

నేను మళ్ళీ క్లబ్ బల్ల ఎక్కాను.

"మైసమ్మ ఏం చేస్తది రాజవ్వా. ఇగో, కాగితం చూడు. గడ్డల బ్యాక్టీరియా ఉన్నయి. కంటికి కనవడని క్రిములు."

"క్రిములా? గంతేనా?"

"గంతే."

రెండో సగం నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు. తండ్రి నుంచి వచ్చిందంటే ఈమె మళ్ళీ వంశానికి తగిలిన శాపమే అంటుంది, గెలిచిన చర్చను నేనెందుకు పాడుచేసుకోవాలి, ఆ సంగతి సర్జన్ చూసుకుంటాడులే అనుకున్నాను. ఆయన చెప్పాడు కూడా. అప్పటికే నా "గంతే" ఆ ఇంట్లో కూర్చుంది.

రెండు నెలల తర్వాత కీమో వార్డు బయట పోశెట్టి కనిపించాడు. బెంచీ చివర ఒక్కడే, పక్కన సొంత చెంబు. రాజవ్వ మాస్కు కట్టుకుని ఎదురుగోడకు ఆనుకుని ఉంది.

"గంత దూరం కూసున్నవేంది అన్నా?"

"మీరే చెప్పిన్రంట గద, క్రిములున్నయని. కరోనాల నేర్సిన సదువు మేడం. నా పళ్ళెం అలగ్, చెంబు అలగ్, మంచం కొట్టంల." నవ్వాడు. "మైసమ్మ కోపమైతే ఒక్క మేకతోని పోతుండె. మీ క్రిములు సబ్బుకు సుత పోతలెవ్వు."

"పిల్లలున్న ఇల్లు మేడం," అంది రాజవ్వ, నా వైపు చూడకుండా.

"సెల్లె గంగమణి సుత వస్తలేదు," అన్నాడు పోశెట్టి. "దాన్ని వేల్పూర్ల ఇచ్చినం. డాక్టర్ సాబ్ పరీక్ష చేపిచ్చుకొమ్మన్నడని ఫోన్ చేసిన. 'నేను మీ ఇంట్ల బువ్వ తిని రెండేండ్లాయె, నాకెట్ల అంటుతది' అన్నది. నెల సంది రక్తం వడుతుందట. మొలలనుకుంటున్రు."

అవి మొలలే కానక్కరలేదు, అన్నకు వచ్చిన గడ్డే కావచ్చు. ఇది అంటుకునేది కాదని రాజవ్వకు అక్కడే చెప్పాను. ఆదివారం ముగ్గురం వేల్పూర్ బస్సెక్కాం.

పసుపు ఉడకబెట్టే రోజులు. ఊరి బయటినుంచే ఆ ఆవిరి ముక్కుకు తగిలింది. కళ్ళంలో గంగమణి మోచేతుల దాకా పసుపుతో, కూలీలతో కలిసి కొమ్ములు ఎండబోస్తోంది. అన్నకు మాత్రం కుర్చీ దూరంగా వేయించింది.

నేను పోశెట్టి చెంబు అందుకుని నోరు ఆనించి తాగాను. క్లబ్‌లో నేర్చిన విద్య, చేసి చూపి నమ్మించడం.

"తాగిన్రు, మంచిగుంది," అంది గంగమణి. "టీవీల సుత గిట్లనే తాగుతరు. రేపు మీకేమన్నయితే నాకెరుకైతదా?"

కూలీలు నవ్వారు. చెంబు కింద పెట్టాను.

"తప్పు నాది గంగమణీ. సగమే చెప్పిన. క్రిములున్నది నిజం. గని నీకు డాక్టర్ పరీక్ష చేపిచ్చుకొమ్మన్నది క్రిముల కోసం కాదు. మీ అన్న గడ్డ రకం తండ్రి నుంచి పిల్లలకు రావచ్చు."

"మరి గప్పుడు గంతే అన్నరంట?"

"అన్న. మీ వదిన మీద గెలవాలని అన్న."

ఆమె నన్ను తేరిపార చూసింది. అప్పుడు పోశెట్టి కుర్చీలోంచి లేచాడు.

"బాపు ఏసిన చెరుకు యాదుందా సెల్లె? మస్తు తీపి. గని ఎర్రకుళ్ళు తెగులు పక్క చేన్ల కన్న దానికే ఎక్కువ పడుతుండె. వ్యవసాయం సార్లొచ్చి ఏమన్నరు? తెగులు అంతట ఉన్నదే, గీ రకం తట్టుకోదన్నరు. గిది సుత గట్లనేనేమో. నేను బాపు రకం. నువ్వు సుత బాపు బిడ్డవే గద."

చెరుకులో తెగులే గడను కుళ్ళబెడుతుంది. గడ్డలో బ్యాక్టీరియా పాత్ర అంత స్పష్టం కాదు. అయినా రకానికీ క్రిమికీ ఉన్న సంబంధాన్ని అంత సూటిగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను.

"విత్తనమే కరాబంటే ఇగ పరీక్షెందుకు?" అంది గంగమణి. నేను భయపడిన ప్రశ్న అదే. రెండు నెలలు దాన్నుంచి తప్పించుకు తిరిగాను.

"కరాబని కాదు. నీకు వచ్చిందో లేదో సుత ఇంక తెల్వది. వస్తే, గా రకం చేనుకు ఎక్కువసార్లు తిరిగి చూసుకోవాలె. మొదట్లనే తీసేస్తే చేను మిగులుతది."

"ఉడుకుడు అయిపోనియ్యుండ్రి. వారంల వస్త."

"వారం గాదు, రేపు పో," అంది రాజవ్వ. మాస్కు తీసి కొంగున ముడివేసుకుంది. "నీ పసుపు నేను ఉడకవెడ్త. నీ అన్నను కొట్టంల పండవెట్టిన దాన్ని, గీ పని చేస్త."

మర్నాడు గంగమణి వచ్చింది. కొలనోస్కోపీలో పేగు లోపల రెండు పిలకలు, అంటే పాలిప్స్, కనిపించాయి. ఒకటి చెడిపోయే దారిలో ఉంది, ఇంకా గోడ దాటలేదు. రెండూ తీసేశారు. రక్తపరీక్షలో అన్నకున్న లోపమే ఆమెకూ ఉందని తేలింది. పోశెట్టి మందులకు తేరుకుని ఇప్పుడు వరి వేస్తున్నాడు.

మూఢనమ్మకాల మీద ఎన్నో వ్యాసాలు రాశాను, ఇంకా రాస్తాను, ఆ నిప్పు చల్లారలేదు. కానీ సగం తెలిసినదాన్ని "గంతే" అని మూసేసిన రోజు నేనూ అలాంటి నమ్మకాన్నే పంచిపెట్టాను. దానికి దేవత పేరు లేదు, అంతే తేడా. అప్పటినుంచి రిపోర్టు ఇచ్చాక ఎవరినీ వెంటనే పంపను. మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి అంటాను. వాళ్ళు చెప్పేటప్పుడు నా తప్పులు బయటపడతాయి.

గంగమణి క్రమం తప్పకుండా పరీక్షకు వస్తుంది. పోయినసారి కూతుర్ని తీసుకొచ్చింది. డిగ్రీ చదివే పిల్ల.

"దీనికి ఎన్నేండ్ల నుంచి చూపియ్యాలె మేడం?" అని అడిగింది.

నాకు కచ్చితంగా తెలియదు. తెలియదనే చెప్పి, ఇద్దరినీ డాక్టరమ్మ గదిలోకి తీసుకుపోయాను.