అక్క కోసం పంపిన క్యాలెండర్ లింకు

మా అక్క మనుబోలులో ఉండేది. కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు నెల్లూరు ఆసుపత్రికి డయాలసిస్‌కు పోవాల్సి వచ్చేది. బావ లేడు. ఒక్కతే కూతురు, గూడూరులో ఒక నిమ్మకాయల మండీలో కంప్యూటర్ పని చేస్తుంది. నేను కృష్ణపట్నం పోర్టులో, ఏ ఓడ ఎప్పుడు బెర్త్‌కు, అంటే రేవు గట్టుకు, రావాలో కుదిర్చే గదిలో పనిచేస్తాను. అక్కను ఆసుపత్రికి తీసుకుపోయే పని మేనకోడలూ నేనూ పంచుకున్నాం. నా షిఫ్టులు మారినప్పుడల్లా వంతులూ మారేవి. అది ఫోన్లో తేలే పని కాదని ఆ పిల్ల ఒక వెబ్ క్యాలెండర్ తయారుచేసి, దాని లింకు నాకు మెయిల్లో పంపింది.

"లింకు నొక్కు మామా, చాలు. నేను వంతు మార్చినా నీ క్యాలెండర్లో దానంతటదే మారిపోతది" అంది.

నొక్కాను. నా ల్యాప్‌టాప్ తెర మీద ఏదో పెట్టె తెరుచుకుని, దీన్ని ఏ ప్రోగ్రాంతో తెరవాలి అని అడిగింది. పని మీద ఉన్నాను, మూసేశాను. వచ్చే ఉంటుందిలే అనుకుని ఆ పిల్లకు బొటనవేలి బొమ్మ పంపించాను. వచ్చిందో లేదో తర్వాత కూడా చూడలేదు.

కొన్ని వారాలు ఇబ్బంది రాలేదు. నా వంతుకు ముందు రోజు మేనకోడలు మాటల్లో గుర్తుచేసేది. తర్వాత ఆ అవసరం లేదనుకుంది. నిమ్మకాయల సీజన్లో ఒకసారి సెలవు దొరక్క, తన శుక్రవారాన్ని నా మీదికి మార్చింది. ఆ మార్పు క్యాలెండర్లో పెట్టింది, వాళ్ళమ్మకు చెప్పింది. నాకు వేరేగా చెప్పలేదు. బొటనవేలు పంపినవాడికి మళ్ళీ ఎందుకు చెప్పాలి?

ఆ శుక్రవారం నేను పోర్టులో ఉన్నాను. బొగ్గు ఓడ ఒకటి ఆలస్యమై, వెనక వచ్చేవన్నీ అటూ ఇటూ జరపాల్సి వచ్చింది. అక్క హైవే పక్కన టిఫిన్ అంగడి దగ్గర కూర్చుని నా కారు కోసం చూసింది. ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. చేయలేదు.

ఎందుకు చేయలేదో నాకు తెలుసు. అంతకు చాలా ముందు, ఒక ఓడను గట్టుకు కట్టే సమయంలో "అన్నం తిన్నావా అబ్బయ్యా" అని అడగడానికి ఫోన్ చేసింది. గదిలో అందరూ వింటుండగా అరిచాను. "ఓడ ఉన్నప్పుడు చేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" ఆ తర్వాత ఆమె తానుగా నాకు ఫోన్ చేసింది లేదు. నేను చేసినప్పుడు ఎత్తి "ఓడ పోయిందా నాయనా?" అని మొదలుపెట్టేది. దాన్ని నేను వేళాకోళం అనుకుని నవ్వేవాణ్ణి.

ఆదివారం చర్చి అయ్యాక అక్కను చూడటానికి బయల్దేరి, ఆ అంగడి దగ్గర టీకి ఆగాను. అంగడామె అడిగింది: "ఏమన్నా, మొన్న రాలేదే? మీ అక్క ఎండెక్కిందాకా ఈడనే కూర్చోనుండాది. ఇడ్లీ తినమంటే, మా తమ్ముడొస్తే ఇద్దరం తింటామనింది."

ఇంటికి పోయేసరికి మేనకోడలు కూడా వచ్చి ఉంది. వాళ్ళమ్మ కాళ్ళు వాచి ఉన్నాయి. ఆ పిల్ల నిలబడి తిడుతోంది.

"పోబుద్ధి కాలేదంటావా? అదేమన్నా సినిమానా, బుద్ధయితే పోవడానికి? మామకు కూడా వద్దని చెప్పేసినావంట! నీ మొండితనంతో మమ్మల్ని చంపుతావుండావమ్మా."

"పోనీలే, తిట్టు. మండీలో నిమ్మకాయల్ని తిట్టలేవుగా" అంది అక్క.

నేను కుర్చీలో కూర్చున్నాను. చేతికి టీ ఇచ్చారు. తాగాను. ఒక్క మాట చాలు ఆ తిట్లు ఆగిపోవడానికి. ఆ మాట నా దగ్గరే ఉంది. మేనకోడలు వంటింట్లోకి పోయాక అక్క నా వైపు వంగి, "దానికి చెప్పబాకు. నీ మీద కోపం పెట్టుకుంటది. నేను పోయినాక మీరిద్దరే గదా" అంది.

నేను తల ఊపాను. ఆ తల ఊపడం ఎంత తేలికగా జరిగిందో ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చాం. ఆ గండం గడిచింది గానీ, తర్వాత అక్క ఎక్కువ రోజులు బతకలేదు. ఆ ఒక్క రోజు వల్లే అని చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. నేను ఆ మాట పట్టుకుని బతికాను. మేనకోడలికి పట్టుకోవడానికి ఏమీ లేదు. వచ్చినవాళ్ళందరితో "మా అమ్మ మొండిది, ఆసుపత్రికి పోనని కూర్చునింది" అని చెప్పి ఏడ్చేది. చుట్టాలు కూడా అదే మాట అనడం మొదలుపెట్టారు. నేను వింటూనే ఉన్నాను.

ఇది మొన్నటి సంగతి. అక్క పోయి ఏడాది అవుతోందని పెట్టుకున్న జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక గురించి మాట్లాడటానికి మేనకోడలు మా ఇంటికొచ్చింది. కూడిక రోజు, వేళ చుట్టాలందరికీ క్యాలెండర్ లింకుగా పంపింది. నా ల్యాప్‌టాప్‌లో నొక్కి చూసింది. అదే పెట్టె తెరుచుకుంది.

"ఇదేంది మామా, నీ బ్రౌజర్లో క్యాలెండర్ లింకులు బ్లాక్ అయి ఉండాయి. ఈ సైటులో తెరవమంటావా అని ఎప్పుడో అడిగింటది, వద్దని నొక్కేసుంటావు."

సెట్టింగుల్లోకి పోయి ఆ బ్లాక్ తీసేసింది. నేను వాడే వెబ్ క్యాలెండర్నే అన్ని క్యాలెండర్ లింకులకూ డిఫాల్ట్‌గా పెట్టింది. టీ చల్లారేంత పని కూడా కాదు. పనిచేస్తుందో లేదో చూడటానికి నా మెయిల్లో వెతికి, తాను పంపిన పాత లింకు నొక్కింది. తెర మీద వారాలకు వారాలు నిండిపోయాయి. అమ్మ, మామ వంతు. అమ్మ, నా వంతు.

ఆమె చెయ్యి మౌస్ మీద ఆగింది.

"ఇవి నీకు ఇప్పుడే మొదటిసారి వస్తుండాయి" అంది. తర్వాత నా వైపు చూడకుండా అడిగింది. "మామా, ఆ శుక్రవారం అమ్మ నిన్ను రావద్దనిందా?"

"లేదమ్మా. నాకు తెలియనే తెలియదు. ఆమె రోడ్డు మీద నా కోసం కూర్చునింది."

అన్నీ చెప్పాను, అంగడామె మాట, అక్క మాట, నేను తల ఊపిన సంగతి. అక్క వద్దంది కాబట్టి చెప్పలేదని అనబోయి ఆగిపోయాను. అది నిజం కాదు. ఆమె వద్దనకపోయినా నేను చెప్పి ఉండేవాణ్ణి కాదు.

"లింకు సంగతి వదిలెయ్, ఎవరికైనా జరగతది. నేను అమ్మను తిడతావుంటే నువ్వు ఆడనే కూర్చోనుండావు మామా. టీ తాగతా."

"అవును."

 ఆ పిల్ల కళ్ళు కూడా తుడుచుకోలేదు. తన ఫోన్ తీసి కూడిక వివరాల కింద ఏదో టైపు చేసింది.

"అమ్మ మొండిదని నేను ఊరంతా చెప్పినాను. కాదని నువ్వే చెప్పాల, అందరి ముందరా" అంది.

సంచి తీసుకుని బస్సుకు పోయింది. దింపుతానంటే వద్దంది.

ల్యాప్‌టాప్ అలాగే తెరిచి ఉంది. కాసేపటికి, నేనేమీ నొక్కకుండానే, కూడిక రోజు గడిలో కొత్త మాట వచ్చి చేరింది. ప్రార్థన తర్వాత మామ మాట్లాడతాడు.