మజ్జిగ ముంత వద్దన్న రెబ్కా

ప్రత్తిపాడు వైపు మిరప కల్లాల్లో ఎవరినడిగినా రెబ్కా మహా మొండిఘటం అంటారు. అవును, మొండిదే. ఆ మొండితనమే లేకపోతే కూలీల మేస్త్రి రసూల్‌బీ ఈపాటికి మంచానికి అతుక్కుపోయేది.

మిరప ఘాటుకు కళ్లు తిరగడం ఇక్కడ మామూలే. ఎవరు తూలినా మొహాన నీళ్లు కొట్టి మజ్జిగ పట్టిస్తారు. మూడేళ్ల క్రితం పత్తిచేలో రెబ్కా మొగుడు ప్రేమదాసుకు మూతి వంకరపోతే పురుగుమందు ఘాటన్నారు, మజ్జిగే పట్టించారు. ఆపైన రెండురోజులు పసరు వైద్యం! చివరికి గుంటూరు తీసుకెళ్తే, "పక్షవాతమమ్మా. మెదడు నరంలో రక్తం గడ్డకట్టింది. నాలుగున్నర గంటల్లోపు తెస్తే గడ్డ కరిగే ఇంజెక్షను ఇచ్చి చూసేవాళ్లం" అన్నాడు డాక్టరు. ప్రేమదాసు కుడిచెయ్యి మళ్లీ లేవలేదు. రెబ్కా ఆ జబ్బు గుర్తులేమిటో నర్సును విసిగించి మరీ చెప్పించుకుంది.

ఈ మార్చిలో ఒక పొద్దున, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న రసూల్‌బీ చేతిలోంచి గంప జారింది. మనిషి పక్కకు ఒరిగింది.

"ఘాటెక్కింది, మజ్జిగ తేండే" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ముంత రానే వచ్చింది. రెబ్కా దాన్ని లాగేసుకుంది.

"తాపబాకండి. పొరబోయిందంటే ప్రాణం మీదికొస్తది. అక్కా, ఒక్కసారి నవ్వు."

మూతి ఎడమపక్కకు పోయింది. రెండు చేతులూ ఎత్తమంటే కుడిచెయ్యి వాలిపోయింది. పేరు చెప్పమంటే ముద్దమాట. రెబ్కా ఫోనులో టైము చూసింది, పదీ ఇరవై. వెంటనే 108కి చేసింది.

రసూల్‌బీ కొడుకు కలీం పరుగున వచ్చాడు. "ముందు ఊళ్లో ఆరెంపీ చేత సెలైను పెట్టిద్దాం పిన్నీ. నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదురా. చెయ్యి పడిపోయిన మొగుడికి మూడేళ్లుగా అన్నం కలిపి పెడుతున్నదాన్ని. స్కానింగు ఉన్న పెద్దాసుపత్రికే పోవాల."

108 రాగానే కలీమే తల్లిని ఎత్తి ఎక్కించాడు.

ఆసుపత్రిలో మొదటి ప్రశ్న ఎప్పుడు మొదలైందని. "పదీ ఇరవైకండి, నా కళ్లముందే" అంది రెబ్కా. స్కాన్ తీశారు. మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకుని, పన్నెండు కొట్టకముందే ఇంజెక్షను ఇచ్చారు. ఫలితం అందరికీ ఒకేలా ఉండదని కూడా చెప్పారు. రెబ్కా వరండాలో కూలబడి, ప్రభువా, ఈసారైనా, అని దణ్ణం పెట్టుకుంటూనే ఉంది.

మూడోరోజు చూడబోతే రసూల్‌బీ మంచంమీద కూర్చుని ఉంది. మాట కాస్త నెమ్మదిగా వస్తోంది గానీ తేటగానే ఉంది.

"ఇట్రావే, నీకు దిష్టి తగిలుద్ది" అంది.

రెండు చేతులూ ఎత్తి రెబ్కా చెంపలు నిమిరి, తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. కుడిచేతి వేళ్లు కూడా పటపటమన్నాయి.