డిస్కో పుస్తకంలో ఆఖరి కాగితం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం మెతుకు పారేస్తే అమ్మ ఒక్క తిట్టుతో వదిలేసేదేమోగాని, రాయని కాగితం పారేస్తే మాత్రం పూటంతా మాట్లాడేది కాదు. ఉత్తరం వస్తే కవరు విప్పదీసి లోపలివైపు ఇంటి లెక్కలు రాసుకునేవాళ్లం. శుభలేఖలు, వాటి కవర్లు వంటింటి గోడకి వేలాడే తీగకి గుచ్చి ఉంచేవాళ్లం. ఆ బుద్ధి నాకూ వచ్చింది. నా మనవలు నన్ను పిసినారి మామ్మ అంటారు. అననీ. కాగితం విలువ అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కాగితం అంటే భయం మాత్రం పక్కింటి అక్క దగ్గర నేర్చుకున్నాను.

మాది మండపేట, రైసు మిల్లుల వెనక వీధి. నేను ఐదో తరగతితో బడి మానేశాను. తమ్ముడు పుట్టాడు, అమ్మకి నడుం పట్టేసింది, ఇంట్లో ఇంకో చెయ్యి కావాల్సి వచ్చింది. అంతకు మించి దానికి కథేమీ లేదు. బడి పోయినందుకు నేనంతగా ఏడవలేదు. పుస్తకాలు ఆగిపోయినందుకు ఏడ్చాను. పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్ల పేజీలు నెల తిరక్కుండా నిండిపోయాయి. ఆ తరవాత బొగ్గు ముక్కతో పెరట్లో గచ్చు మీద రాసుకునేదాన్ని. సాయంత్రం అమ్మ నీళ్లు కొట్టి కడిగేసేది.

పక్కింటి అక్క రోజూ బస్సెక్కి రాజమండ్రి వెళ్లి డిగ్రీ చదివేది. వాళ్ల అన్నయ్యని వీధిలో అందరూ మైకు అన్నయ్య అనేవారు. అతనిదీ నాలాగే ఐదో తరగతి చదువు. పెళ్లిళ్లకీ తీర్థాలకీ మైకు సెట్లు, సీరియల్ బల్బులు అద్దెకిచ్చేవాడు. డిస్కో పాటలు అప్పుడప్పుడే మా వైపు వస్తున్నాయి. అతనికి అవంటే ప్రాణం. ఒక మట్టి పిడత మీద పగిలిన అద్దం ముక్కలు అతికించి, పాత ఫ్యాను మోటారుకి కట్టి తిప్పేవాడు. దాని మీద లైటు పడితే పందిరంతా చుక్కలు పరిగెత్తేవి. ఆ చుక్కల్ని పట్టుకోబోయి మేం పిల్లలం ఒకళ్లనొకళ్లు గుద్దుకునేవాళ్లం.

ఒక పెళ్లిలో భోజనాలు జరుగుతుండగా వాన కురిసి పందిరి తడిసింది. అన్నయ్య తడిసిన కరెంటు వైరు సర్దబోయాడు. అంతే. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు.

జేబులో ఒక కాగితం దొరికింది. ఆ పెళ్లి శుభలేఖ కవరే, గులాబీ రంగుది. దాన్ని విప్పి లోపలివైపు, ఏది ఎప్పుడు వెయ్యాలో రాసుకున్నాడు. ఒక మూల మోటారు నూనె అంటిన బొటనవేలి ముద్ర ఉంది. అందులో ఉన్నది నాకు ఈనాటికీ పొల్లుపోకుండా వచ్చు.

"ముందు దేవుడి పాట. తాళి కట్టేటప్పుడు ఆపాలి. భోజనాలకి డిస్కో, సౌండు సగం, ముసలాళ్లు తింటారు. అప్పగింతలప్పుడు ఏమీ వద్దు. పెళ్లికూతురు వెళ్లాక మళ్లీ డిస్కో, ఫుల్లు. వంటవాళ్ల కోసం."

వాళ్లమ్మని నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఆవిడకి చదువు రాదు. రోజూ మధ్యాహ్నం నన్ను పిలిచి ఆ చీటీ చదివించుకునేది. చదువుతున్నంతసేపూ కళ్లు మూసుకుని నూనె మరక మీద వేలుంచేది. ఆఖర్న వంటవాళ్ల మాట రాగానే ముక్కుతో నవ్వి, "వెధవ, ఎవరికీ పట్టని వాళ్లు వీడికి పట్టారు," అనేది. ఆ నవ్వు కోసమే ఆవిడ నన్ను పిలుస్తుందని నాకు తెలిసేది. రోజు మొత్తంలో ఆవిడ నవ్వేది అక్కడొక్కచోటే.

మరుసటేడు అక్క కాలేజీలో లెక్చరరుగారు ఒక పని పెట్టారు. ఒక్కొక్కరూ ఒక్కో పత్రిక ఆలోచించి, విషయాలు రాసి, బొమ్మలు వేసి, ఒక సంచిక చేత్తోనే తయారు చేసి తేవాలి. తక్కినవాళ్లు వంటలనీ, భక్తి అనీ, వ్యవసాయమనీ తీసుకున్నారు. అక్క డిస్కో పాటల పత్రిక అంది. క్లాసంతా నవ్విందట. మా అమ్మ కూడా గోడ మీంచి, "ఆడపిల్లవి, నీకు డిస్కో ఏంటమ్మా?" అంది. "నాకు బాగా తెలిసింది అదేనండి, పిన్నిగారూ," అని అక్క తల వంచుకుని పని చేసుకుంది.

ఆ మూడు వారాలూ నా బతుకులో పండగలాంటి రోజులు. అక్క ముందు పాత పేపరు మడిచి ఒక చిన్న నమూనా పుస్తకం చేసి, పేజీలకి అంకెలు వేసింది. ఒకే కాగితం మీద ఒకటి పక్కన పదహారు వేసింది. "అంకెలు తప్పేశావక్కా," అన్నాను. అన్నయ్య పోయాక అక్క నవ్వడం అదే మొదటిసారి చూశాను. "కుట్టాక చూడవే, అవే సర్దుకుంటాయి," అంది. కుట్టాక చూశాను, సర్దుకున్నాయి. ఎలా సర్దుకున్నాయో మాత్రం ఆలోచించలేదు. ఆ ఆలోచించకపోవడమే నా కొంప ముంచింది.

అద్దాల పిడత ఎలా చెయ్యాలో రెండు పేజీలు రాసింది. బెల్ బాటం ప్యాంట్లు కుట్టే టైలరు దగ్గరికెళ్లి అడిగి వచ్చి ఒక పేజీ రాసింది. పాఠకుల ఉత్తరాలు కూడా తనే నలుగురి పేర్లు పెట్టి రాసుకుంది. అందులో ఒక ముసలాయన, సౌండు తగ్గించండర్రా అని కోప్పడతాడు. నా పని సిగరెట్టు పెట్టెల్లోంచి వెండి కాగితం ఏరుకురావడం, చిన్న చిన్న ముక్కలు కత్తిరించి అట్ట మీది పిడత బొమ్మకి అతికించడం. ఇంకో పని కూడా ఉండేది. అక్క రాసిందల్లా ముందు నా చేత చదివించేది. నాకు తెలియకుండా ఎక్కడైనా ఆగితే, అక్కడ గీత పెట్టి తిరిగి రాసేది. "ఐదో తరగతికి అర్థం కాకపోతే తప్పు నాదే," అనేది. బడి మానేసిన నన్ను ఆ లెక్కన చూసిన మనిషి ఆ ఊళ్లో ఇంకెవరూ లేరు.

మొదటి పేజీలో అన్నయ్య చీటీ అతికిస్తానంటే పెద్దమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. చివరికి ఇచ్చింది. "మార్కులేశాక నా చీటీ నాకు తెచ్చెయ్. ఇంకేం అడగను," అంది. మొదటి పేజీలో ఆ చీటీ తప్ప ఇంకేమీ లేదు. ఆఖరి కాగితం రెండు వైపులా ఖాళీగా ఉంది.

ఆదివారం నాటికి పుస్తకం అయిపోయింది. మైదా ఉడికించిన జిగురుతో అట్ట అంటించి, ఆరేదాకా బరువు పెట్టమని నాకిచ్చింది. మా ఇంట్లో సన్నికల్లు పెద్దది. నేను దాన్ని కడిగి, తుడిచి, పుస్తకం మీద పెట్టబోతూ ఒకసారి పేజీలు తిప్పాను. ఆఖరి కాగితం దగ్గర ఆగిపోయాను. నున్నని తెల్ల కాగితం. అక్క మర్చిపోయిందనుకున్నాను. లెక్చరరుగారు ఖాళీ కాగితానికి మార్కులు వేస్తారా అనుకున్నాను. మా నాన్న గడ్డం బ్లేడు తెచ్చి, మడత పక్కన కుట్టు తెగకుండా, గీత గీసినట్టు కోశాను. దొంగతనం చేస్తున్నానని అనిపించలేదు. కింద ఒలికిన బియ్యం ఏరుకున్నట్టే అనిపించింది. దాన్ని బట్టల కింద దాచుకుని, ఏం రాయాలా అని రాత్రంతా సంబరపడ్డాను.

మర్నాడు పొద్దున్న అక్క పుస్తకం తీసుకుని బస్సెక్కింది. పెద్దమ్మ సోమవారమని ద్రాక్షారామం వెళ్లింది. పదకొండు కాకుండానే అక్క వెనక్కి వచ్చేసింది. పరికిణీ మోకాళ్ల దాకా తడిసి బురదగా ఉంది. బస్సు కాలవ గట్టు మీద వెళ్తుండగా, పక్క సీట్లో స్నేహితురాలికి చూపిద్దామని పుస్తకం తెరిచిందట. మొదటి కాగితం చీటీతో సహా దానంతటది ఊడి, కిటికీలోంచి ఎగిరి, కాలవలో పడింది. అక్క బస్సు ఆపించి దిగి, కాలవలోకి దిగి వెతికింది. గట్టు మీద రెండు మైళ్లు నడిచింది. దొరకలేదు.

నన్ను పెరట్లోకి పిలిచింది. "ఆఖరి కాగితం ఏదే?" అని అడిగింది. నేను తెచ్చి చేతిలో పెట్టాను. చెంప పగలగొడుతుందనుకున్నాను. అలా కొట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

అక్క ఒక పాత పేపరు తెచ్చి, మధ్యకి మడిచి, మడత మీద సూదితో నాలుగు కుట్లు వేసింది. "ఈ వెనక సగం కొయ్యి," అని బ్లేడిచ్చింది. కోశాను. "ఇప్పుడు ముందు సగం పట్టుకుని లాగు." లాగకముందే అది నా చేతిలోకి వచ్చేసింది. అక్క ఆ రెండు ముక్కలూ నా ఒళ్లో పెట్టింది.

"రెండూ ఒకటే కాగితమే. నువ్వు ఖాళీ అనుకున్నదే రెండోదాన్ని పట్టుకునుంది," అంది. నేను తెచ్చిచ్చిన ఆఖరి కాగితం వంక చూసి, "ఒక పాట అయ్యాక వెంటనే ఇంకోటి వెయ్యకూడదు, కాస్త ఆగాలనేవాడు అన్నయ్య. ఆ ఆగడం కోసం వదిలాను దాన్ని," అంది.

నేను వెక్కుతూ, తీసుకోమని ఆ కాగితం చాపాను. అక్క తీసుకోలేదు. "నువ్వే ఉంచుకో. నాకెందుకింక?" అంది.

సాయంత్రానికి పెద్దమ్మ వస్తుంది. పుస్తకం ఇంట్లోనే ఉందని తెలిస్తే చీటీ చూపించమంటుంది. అక్క గుమ్మంలో కూర్చుని అదే మాట పదేపదే అనుకుంటోంది. నాకు మా వంటింటి తీగ గుర్తొచ్చింది. ఆ పెళ్లి శుభలేఖ మాకూ వచ్చింది. మా అమ్మ కవరు పారేసే మనిషి కాదు. పరిగెత్తుకెళ్లి తీగలోంచి గులాబీ రంగు కవరు లాక్కొచ్చాను. అక్క దాన్ని విప్పి, పెన్ను నా చేతికిచ్చింది.

"నేనా అక్కా?"

"నా రాత కాలేజీ రాత. అన్నయ్యవి గుండ్రటి అక్షరాలు, నీవాటిలాగే విడివిడిగా. అమ్మకి చదువు లేదుగాని చూపుంది. రాయి."

ముందు దేవుడి పాట, అని మొదలుపెట్టాను. వంటవాళ్ల కోసం దాకా రాశాను. చూసి రాయాల్సిన పని లేకపోయింది. అక్క ఒక మూల కుట్టుమిషను నూనె చుక్క వేసి, తన బొటనవేలితో అద్దింది. పాత నోటు పుస్తకాలు నిండిపోయాక కాగితం మీద సిరాతో నేను రాసిన మొదటి రాత అదే.

పెద్దమ్మ వచ్చి, కాళ్లు కడుక్కుని, ప్రసాదం మా చేతుల్లో పెట్టి, "కాలేజీకి ఇవ్వలేదా? అయితే ఓసారి చూపించు," అంది. అక్క చీటీ ఇచ్చింది. పెద్దమ్మ వేలు నూనె మరక మీదికి వెళ్లింది. అక్కడ కాసేపు ఉండిపోయింది. "చదువమ్మా," అంది నన్ను. చదివాను. వంటవాళ్ల మాట వచ్చింది. పెద్దమ్మ నవ్వలేదు.

చీటీ మడిచి పక్కన పెట్టి, నా కుడిచెయ్యి తీసుకుంది. నా చూపుడువేలికి సిరా ఉంది. కొంగు చివర చెంబులో ముంచి, ఆ సిరా పోయేదాకా మెల్లగా తుడిచింది. తుడుస్తూ, ఎవరి వంకా చూడకుండా, "దీన్నైనా జాగ్రత్తగా పెట్టండే," అంది. అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ చీటీ అతికించి అక్క పుస్తకం ఇచ్చింది. చివరి పేజీలు లేవని లెక్చరరుగారు ఎర్రసిరాతో రాసి మార్కులు తగ్గించారు. అక్క ఆయనకి ఏమీ చెప్పుకోలేదు. పుస్తకం తిరిగొచ్చాక చీటీ పెద్దమ్మకి ఇచ్చేసింది. నా పెళ్లయ్యేదాకా పెద్దమ్మ నన్ను పిలిచి చదివించుకుంటూనే ఉంది. నా రాతని అన్నయ్య రాతగా నేనే ఆవిడకి చదివేదాన్ని. ఆవిడ ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. ఒక్కనాడూ ఆ చోట నవ్వలేదు. నేను పోగొట్టింది కాగితం అయితే కవరుతో తీరిపోయేది. ఆ నవ్వు ఏ తీగకీ గుచ్చి ఉండదు.

పెద్దమ్మ పోయినప్పుడు అక్క ఆ చీటీని ఆవిడ గుప్పిట్లో పెట్టింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. చెయ్యి మూస్తూ అక్క నా వంక ఒక్కసారి చూసింది. ఆ సంగతి మేమిద్దరం తరవాత ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు అక్క కూడా లేదు.

మొన్న నా మనవరాలు నా పెట్టె సర్దుతూ అడుగున చీరల మధ్య ఆ కాగితం చూసింది. అంచులు పసుపెక్కాయి. ఒక పక్క బ్లేడు కోత ఇంకా సూటిగానే ఉంది. "మామ్మా, దీని మీద బొమ్మ వేసుకోనా?" అంది. వద్దన్నాను. "రెండు వైపులా వాడాలని మమ్మల్ని చంపుతావు, నువ్వేమో తెల్ల కాగితం దాచుకుంటావా?" అని దెప్పింది. తిట్టాల్సిన దాన్నే, తిట్టలేదు. తీసుకుని, ఉన్నచోటే పెట్టేశాను.

ఇన్నేళ్లలో దాని మీద ఒక్క అక్షరం రాయలేదు. పాల లెక్కలు శుభలేఖ కవరు లోపలివైపు రాసే మనిషిని, జన్మలో ఆ ఒక్క కాగితమే దండగ చేశాను. ఏ పుస్తకంలోంచైనా కాగితం తియ్యాల్సి వస్తే, ఈనాటికీ ముందు కుట్టు దగ్గర వేలు పెట్టి, పేజీలు తిప్పి, దాని రెండో సగం మీద ఎవరున్నారో చూసుకుంటాను.