వజూ నీళ్ల తోటకూర

మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది, చినుకు మాత్రం లేదు. శనివారం పొద్దున ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. మొదటి బస్సుకు ఆదోని నుంచి వచ్చిన మా ఆయన మిల్లు స్నేహితుడు వాకిట్లోనే నిలబడి చెప్పాడు.

"ఖాలా పోయిందమ్మా, నిన్న. మట్టి గూడా అయిపోయింది."

మిగిలిన కాయలకు కూడా తొడిమలు తీసి, గంపకెత్తి, నా కూతుర్ని తీసుకుని బస్సెక్కాను.

ఖాలా అంటే వాళ్ల మాటలో పినతల్లి. ఆదోనిలో మేము ఏడేళ్లు అద్దెకున్న ఇంటికి పక్కిల్లు ఆమెది. వీధి మొత్తానికీ ఆమె ఖాలానే. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు.

మేము ఆ ఇంట్లో చేరింది డెబ్బైల మొదట్లో, కరువు రోజుల్లో. మా ఆయనకు దూది మిల్లులో పని దొరికింది. అప్పుడు నా కూతురికి మూడేళ్లు. దీపాలు పెట్టే వేళయితే గోడ పట్టుకుని నడిచేది. ఎదురుగా ఉన్న గిన్నెల్ని తన్నేది. చూసి నడవమని నేను కొట్టాను కూడా. ఆసుపత్రిలో నర్సమ్మ చూసి రేచీకటి అంది. నోట్లో చుక్కల మందు పోసి, "రోజూ ఆకుకూర పెట్టు. లేకుంటే కన్నే పోతుంది" అంది.

ఆ ఏడు బజారులో ఆకుకూర కట్ట కనిపించడమే తక్కువ. వచ్చినా మధ్యాహ్నానికి వాడిపోయేది. ఇంటి వెనక నులకమంచమంత జాగా ఉంది. అందులో పండిద్దామనుకున్నాను.

నేను ఆస్పరి దగ్గరి పల్లెలో రైతు కూతుర్ని. మా నల్లరేగడిలో జొన్నను పదును తగిలే లోతుకు విత్తుతాం. పైమన్ను ఎండినా కింద తడి ఉంటుంది. ఆ అలవాటుతోనే తోటకూర విత్తనాన్ని నాలుగు వేళ్ల లోతున వేసి, మన్ను కప్పి, కాలితో తొక్కాను. పన్నెండు రోజులు చూశాను. ఒక్క మొలకా రాలేదు. రెండోసారి ఇంకా లోతుగా వేశాను.

అప్పుడు పిట్టగోడ అవతలి నుంచి ఖాలా అడిగింది.

"ఏమే బేటీ, ఇత్తనం ఏసినావా, గోరీ తవ్వినావా?"

"మా ఊర్లో ఇట్లే ఏస్తాం ఖాలా."

"మీ ఊర్లో జొన్న ఏస్తారు. దానికి బలముంటాది, తోసుకోని పైకొస్తాది. ఇది సూడు, ఆవగింజలో సగం ల్యాదు. రొట్టె సేసేటప్పుడు పిండి సల్లుతావే, పైన అంత మన్ను సాలు దీనికి."

ఆమె మా పెరట్లోకి వచ్చి, విత్తనంలో సన్నటి ఇసుక కలిపి చల్లింది. చేత్తో నీళ్లు చిలకరించి, తడిపిన గోనెపట్ట కప్పింది. మూడో రోజు పట్ట ఎత్తి చూపించింది. ఎర్రగా, దారపు ముక్కల్లాగా, లెక్కపెట్టలేనన్ని మొలకలు. పొలాల్లో పుట్టి పెరిగిన నేను ఒక విత్తనం మొలవడాన్ని ఆ రోజే మొదటిసారి చూసినట్టు నిలబడిపోయాను.

మొలిచాయి సరే, నీళ్లు? కొళాయి నాలుగైదు రోజులకోసారి వచ్చేది. ఆ నీళ్లు తాగడానికే చాలవు. ఖాలా పెరడేమో పచ్చగా ఉండేది. అది ఎట్లాగో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. గమనించి చూస్తే తెలిసింది. నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడాన్ని వజూ అంటారు. ఆమె రోజుకు ఐదుసార్లు, కొమ్ముచెంబు పట్టుకుని కూరమడి అంచున కూర్చుని వజూ చేసేది. ప్రతిసారీ పీట ఒక జానెడు జరిపేది. తెల్లవారి గోంగూరకు, మధ్యాహ్నం పాలకూరకు, సాయంత్రం బీర పాదుకు. చెంబెడు నీళ్లలో చుక్క వృథా పోయేది కాదు. మొక్కలకని వేరే నీళ్లు పోయడం నేనెప్పుడూ చూడలేదు.

మా మొలకలు తల వాల్చిన రోజు ఆమె చెంబు, పీట పట్టుకుని మా వైపు వచ్చింది. ఆనాటి నుంచి రోజుకు రెండు వజూలు మా మడి దగ్గరే.

మాతోనే ఉండే మా అత్త చూసింది. "కాళ్లు కడిగిన నీళ్లు పారిన కూర నా పొయ్యి ఎక్కదు" అంది.

"వాననీళ్లు ఎవురి కాళ్లు కడిగొస్తాయో నీకు సెప్పొస్తాయా అక్కా?" అంది ఖాలా.

అయినా మా అత్త పొయ్యి ఇవ్వలేదు. కూర ఖాలా పొయ్యి మీద ఉడికింది. నా కూతుర్ని పిట్టగోడ మీద కూర్చోబెట్టి, జొన్నరొట్టెలో పెట్టి తినిపించాం. మా అత్తకు తెలుసు. తెలియనట్టే ఉండేది.

నెల దాటాక ఒక సందవేళ మా అత్త చాటలో కందులు చెరుగుతోంది. నా కూతురు పక్కన కూర్చుని చాటలోంచి ఒక రాయి ఏరి ఆమె చేతిలో పెట్టింది.

"అవ్వా, రాయి."

మా అత్త ఆ రాయిని చూసింది. పిల్ల కళ్లను చూసింది. ఇంకో రాయి వేసి ఏరమంది. ఏరింది. మందు పనిచేసిందో కూర పనిచేసిందో ఈనాటికీ నాకు తెలియదు. మరునాడు మా అత్త బజారు నుంచి వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కోకుండా చెంబుతో నేరుగా పెరట్లోకి పోయింది. మడి అంచున నిలబడి కడుక్కుంది.

గోడ అవతలి నుంచి ఖాలా గొంతు వినిపించింది. "అక్కా, కొంచం ఇట్ల జరుగు. ఆ మూలకు అందల్యా."

మా అత్త జరిగింది.

ఆ తర్వాత ఖాలా నాకు చాలా నేర్పింది. "కొన తుంచు, ఏరు పెరకద్దు. పెరికితే ఒక పూట, తుంచితే రెండు నెల్లు" అనేది. కూర కోసినప్పుడల్లా మొదటి పిడికెడు పక్కింటికి ఇచ్చేది. ఎందుకని అడిగితే, "నా పెరడు ఎండినప్పుడు అడగనీకి ముఖముండల్ల గదా" అంది. ఆమె పెరడు ఎండడం నేను చూడలేదు.

ఆ శనివారం మేము ఆదోని చేరేసరికి ఆమె ఇంటినిండా ఆడవాళ్లున్నారు. ఖాలా కోడలు నన్ను చూసి జరిగి చోటిచ్చింది. శుక్రవారం తెల్లవారి నమాజు అయ్యాక పడుకుని మళ్లీ లేవలేదని చెప్పింది. నా కూతురు ఆమె పక్కన కూర్చుని పిల్లలకు అన్నం పెట్టింది.

సాయంత్రం బస్టాండులో ఇంకా దీపాలు వెయ్యలేదు. దుమ్ములో బస్సులు వరుసగా వస్తున్నాయి. ఒక ముసలాయన ఏ బస్సు ఏ ఊరిదో తెలియక అందరినీ అడుగుతున్నాడు. నా కూతురు అంత దూరం నుంచే బోర్డులు చదివి ఒక్కొక్కటీ ఆయనకు చెప్పింది.

ఆయన సి.బెళగల్ బస్సెక్కాడు. ఆరున్నరకు మేమిద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం.