బావ సైకిల్‌కు చిన్న చక్రాలు

మంచి సైకిల్‌ను తీసుకెళ్లి మలుపు తిరగని, ఆపితే ఆగని వస్తువుగా మార్చడానికి ఎంత తెలివి కావాలో మీకు తెలియకపోవచ్చు. 2011 వానాకాలంలో ఆ తెలివంతా హైదరాబాద్ మొత్తానికి నా ఒక్కడి దగ్గరే పోగుపడింది. దాని ఫలితంగా ఒక ఆదివారం పొద్దున చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఏ ఘోరం జరిగిందో చెబుతాను. నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మా అక్క ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. గ్రూప్స్ పరీక్షలకు కోచింగ్ అని చెప్పి అశోక్ నగర్‌లో మా సరితక్క ఇంట్లో మకాం వేశాను. నా తోటివాళ్లు పంచవర్ష ప్రణాళికలు బట్టీ పడుతుంటే, నేను ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని సైకిళ్ల గురించి చదివేవాణ్ని. ఆ పిచ్చి అంటించింది మా బావే. ఆయనకొక రేసు సైకిల్ ఉండేది. నీలం రంగు, వంకర హ్యాండిలు, బొటనవేలంత సన్నటి టైర్లు. ఉక్కపోతలో మనుషులు ఒక్క ఫ్యాను కింద అల్లాడుతుంటే, దానికి మాత్రం బాల్కనీలో గాలి తగిలే మూల కేటాయించారు.

ఆఫీసు పని మీద రెండు నెలలు నాగపూర్ వెళ్తూ బావ నన్ను ఆ మూలకు పిలిచాడు.

"సుధాకర్, వారానికి ఒక్కసారి తుడువు. గాలి కొట్టు. అంతే."

"తొక్కొచ్చా బావా?"

ఆయన సీటును ఒకసారి నిమిరాడు. "తొక్కు. గని జర గుంతలు చూసుకొని."

గుంతలు చూసుకొని తొక్కాలంటే మా వీధిలో సైకిల్‌ను నెత్తిన పెట్టుకొని నడవాలి. మొదటి వారంలోనే రెండుసార్లు ట్యూబు పగిలింది. ఆ తర్వాత నారాయణగూడలో మురుగు మోరీ మీది ఇనుప జాలీలోకి ముందు చక్రం దిగబడి, నేను ఎగిరి కొబ్బరిబోండాల బండి మీద పడ్డాను. "దెబ్బ తాకలే గద" అని బండాయన ఆత్రంగా అడిగాడు. అడుగుతూ బోండాలను తడిమి చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే ఇంటర్నెట్‌లో నాకు జ్ఞానోదయం అయింది. ఎక్కడో ఎవరో రేసు సైకిళ్లకు కాస్త చిన్న చక్రాలు వేసి, లావు టైర్లు ఎక్కించుకుంటున్నారు. చక్రం చిన్నదైతే టైరుకు చోటు దొరుకుతుందట. గుంతల్లో వెళ్లినా పరుపు మీద దొర్లినట్టే ఉంటుందట. అందులో 'కాస్త' అన్న మాట స్పష్టంగానే ఉంది. నేనే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇక నాకు నిద్ర పట్టలేదు. బావ తిరిగి వచ్చేసరికి సైకిల్‌ను ఇలా మార్చి, ఆయన్ని ఆశ్చర్యపరచాలని నిర్ణయించుకున్నాను. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను అనుకున్నది అనుకున్నట్టే జరిగింది.

బావ వచ్చే ముందురోజు చిక్కడపల్లిలో సైకిళ్లు రిపేరు చేసే యాదగిరన్న దగ్గరికి వెళ్లాను.

"మంచిగనే ఉన్నది గద తమ్మీ, ఎందుకు మార్చుడు?" అన్నాడాయన.

"సుఖంగ ఉంటదన్నా."

ఆయన ఒక లావు టైరు చక్రం పెట్టి చూశాడు. ఇరుక్కుంది. "ఇంకొంచెం చిన్నది చూడన్నా" అన్నాను. అదీ ఇరుక్కుంది. "ఇంకా చిన్నది" అన్నాను. చివరికి ఒకటి హాయిగా తిరిగింది. అది బడిపిల్లల సైకిల్ చక్రం. ఎర్ర రిమ్ము, దాని మీద పసుపు పూలు. అలాంటివే రెండు బిగించాక యాదగిరన్న నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. సైకిల్, గోతిలో నిలబడ్డ గుర్రంలా ఉంది.

"బ్రేకులు అందుతలేవు తమ్మీ. రబ్బర్లు ఈడున్నయి, రిమ్ము ఆడున్నది."

"కాళ్లున్నయి గదన్నా."

"పెడలు కూడ నేలకు తాకేటట్టున్నది."

"నేరుగ పోతె తాకదు."

"నేరుగ ఏడిదాంక పోతవ్?"

మహానుభావుడు. పరీక్షలో కూడా నన్ను ఎవరూ అంత సూటి ప్రశ్న అడగలేదు.

ఆ రాత్రికి సైకిల్‌ను కొట్లోనే ఉంచి, ఆదివారం పొద్దున వెళ్లి ఎక్కాను. నిజం చెప్పాలి, మొదటి వంద గజాలు స్వర్గం. గుంతలు వచ్చాయి, పోయాయి, నాకు తెలియనే లేదు. మా ఇంటి వైపు సందులోకి తిప్పుదామని కాస్త వంగాను. పెడలు టక్కున నేలను తన్నింది. సైకిల్ ఎగిరిపడి, మళ్లీ రోడ్డు పొడుగునే తిన్నగా సాగింది. తర్వాతి సందు దగ్గరా అదే కథ. బ్రేకు నొక్కాను. రెండు రబ్బర్లూ ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకున్నాయి. కాలు ఆనించాను. చెప్పు ఊడి వెనకే ఉండిపోయింది. ఆ రోడ్డుకు వాలు ఉందని అంతవరకూ నాకు తెలియదు.

పక్కనే స్కూటర్ మీద వస్తున్న పెద్దాయన నన్ను కోపంగా చూశాడు. "బెల్లు కొట్టవేందయ్య?"

"బెల్లు లేదండి."

"బ్రేకన్న వెయ్యి."

"బ్రేకు కూడ లేదండి."

"మరి ఏమున్నది?"

"లావు టైర్లున్నయండి."

ఆయన స్కూటర్‌ను దూరంగా జరుపుకున్నాడు.

నారాయణగూడ చౌరస్తా దగ్గరపడుతుండగా, యూటర్నుకు బద్ధకించిన ఆటో ఒకటి రాంగ్ సైడులో ఎదురొచ్చింది. నన్ను చూసి ఆగింది. నా లావు టైరు దాని ముందు చక్రాన్ని మెత్తగా గుద్దుకుని, బంతిలా వెనక్కి వచ్చి ఆగిపోయింది. దేవుడున్నాడు అనుకుంటుండగానే ఆటోలోంచి సూట్‌కేసుతో బావ దిగాడు. కాచిగూడ స్టేషన్ నుంచి ఇంటికి వస్తున్నాడు.

"సుధాకర్, ఏంది నీ హాలత్? ఎవరిది గీ సైకిల్?"

తన సైకిల్‌ను తనే గుర్తుపట్టలేదు. గుండు కొట్టించుకుని మీసం తీసేసిన మనిషిని సొంత తల్లి కూడా రెండుసార్లు చూస్తుంది. బావ ఒక్కసారే చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంట్ల నాది ఉండంగ గీ పోరగాళ్ల సైకిల్ తొక్కుడేంది? నాది పాడైతదని ముట్టలే గద? సమజైంది నాకు."

ఆయన జేబురుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, చెమటను. నన్ను ఆటో ఎక్కించి, సైకిల్‌ను అడ్డంగా తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"హ్యాండిలు అచ్చం నాదాని లెక్కనే ఉన్నది."

"కంపెనీ ఒకటే అయ్యుంటది బావా."

ఇంటికి రాగానే అక్కతో అన్నాడు, "నీ తమ్ముడు బంగారం. నా సైకిల్ మీద చెయ్యి వెయ్యలే."

ముందురోజు నేను ఆ సైకిల్‌ను మెట్లు దింపుతుంటే తలుపు తీసి పట్టుకున్నది అక్కే. ఆమె నన్ను చూసింది, గుమ్మంలో ఉన్న పసుపు పూల చక్రాలను చూసింది, కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. బావ మురిపెంగా బాల్కనీలోకి వెళ్లాడు. చాలా నెమ్మదిగా తిరిగి వచ్చాడు.

"సుధాకర్, నా సైకిల్ ఏది?"

"ఇంట్లనే ఉన్నది బావా."

"ఇంట్ల యాడ?"

"నారాయణగూడ నుంచి నీ ఒళ్లెనే పెట్టుకొని తెచ్చినవ్ గద."

సోమవారం ఆయనే వెళ్లి పాత చక్రాలు వేయించుకున్నాడు. మరో వారం దాకా నాతో ఏం మాట్లాడాలన్నా అక్క ద్వారానే మాట్లాడాడు. నేను తలస్నానం చేసి, తూర్పుకు తిరిగి, సూర్యభగవానుడి సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో పరాయివాళ్ల బండికి గాలి తప్ప ఇంకేదీ మార్చను. ఆ గాలి కూడా వాళ్లు పక్కన నిలబడి చూస్తుంటేనే కొడతాను.